మా తరగతిలో మంచు కురిసిన ఏడాది

కొత్త అట్టకు పూసిన జిగురు వాసన మొన్న సాయంత్రం మా హాల్లో పుట్టి, వంటగదిలోని పోపు వాసనను తోసుకుని, నా ముక్కు దాకా వచ్చి, అక్కడ ఆగకుండా సరాసరి నా ఆరో ఏటికి వెళ్లిపోయింది. దానికి కారణం ఎదురింటి ఆద్య. అశోక్‌నగర్‌లో మా అపార్టుమెంటు చుట్టూ కోచింగు సెంటర్ల బోర్డులు ఎంత దట్టంగా అల్లుకున్నాయంటే, మేం ఆకాశం చూడాలంటే ముందు ఏదో ఒక పోటీ పరీక్ష పాసవ్వాలి. ఆ బోర్డుల సందులోంచే రోజూ మధ్యాహ్నం బడి బస్సు దిగి వచ్చి, వాళ్లమ్మ ఆఫీసు నుంచి తిరిగొచ్చేదాకా మా ఇంట్లో కూర్చుంటుంది ఆ పిల్ల. చదివేది ఒకటో తరగతి. నాకు యాభై దాటాయన్న వార్త ఆమెకు ఎవరు చేరవేశారో గానీ, నన్ను తాతా అంటుంది.

వాళ్ల బడిలో మధ్యాహ్నం దాకా ఫ్రెంచి తప్ప మరో భాష వినపడకూడదట. పిల్లల్ని ఆ భాషలో నిలువునా ముంచుతారట. ముంచినవాళ్లను తర్వాత ఎవరు బయటికి తీస్తారని వాళ్ల నాన్నను అడిగాను. ఆయన నన్ను, గుర్రబ్బండిలో వచ్చి విమానం టికెట్టు అడిగినవాడిని చూసినట్టు చూశాడు. ఇంతకీ ఆద్య ఆ సాయంత్రం మా సోఫా మీద, నేల మీద, మా ఆవిడ చీర కుచ్చిళ్ల మీద జిగురు పూసి తయారు చేసింది ఒక గుండ్రటి అట్ట. నాలుగు భాగాలు, నాలుగు బొమ్మలు: సూర్యుడు, గొడుగు, ఊగే చెట్టు, తెల్లగా రాలుతున్న మంచు. మధ్యలో తిప్పడానికి ఒక ముల్లు. రోజూ ఒక్కొక్కరు లేచి, ఆ రోజు ఎండో వానో చూసి, ముల్లు తిప్పి చెప్పాలట.

నాకు వెన్నులో చలి పుట్టింది. వేసవి సాయంత్రాన, ఫ్యాను కూడా చెమటలు కక్కుతున్న వేళ, నిజంగానే చలి పుట్టింది. ఆ అట్ట నాకు తెలుసు.

చిక్కడపల్లిలో మెయిన్ రోడ్డు వదిలి గల్లీలోకి తిరిగితే, ఆ గల్లీ కడుపులోంచి ఇంకో గల్లీ, దాని కడుపులోంచి మరొకటి పుట్టేవి. ఆ మనవరాలి గల్లీ చివర, కిరాయికి తీసుకున్న ఒక పాత పెంకుటింట్లో ఉండేది మా బడి. వంటిల్లు ఎల్‌కేజీ, దేవుడి గది యూకేజీ, ఇంటివాళ్లు ఒకప్పుడు జొన్నల బస్తాలూ విరిగిన మంచాలూ పడేసుకున్న కొట్టుగది మా ఒకటో తరగతి. నేలకు పరిచిన షాబాదు బండలు ఎండాకాలం పెనంలా కాలేవి, వానాకాలం కప్ప వీపులా చెమర్చేవి. వాన పడితే పెంకుల్లోంచి కారే నీళ్లు, తడిసిన పలకల వాసన, మేం కొరికి తినే బలపాల రుచి, పెరట్లో సీతాఫలం చెట్టు కింద కుళ్లిన ఆకుల వాసన, అన్నీ కలిసి ఒక ముద్దయ్యేవి. ఆ ముద్దను సీసాలో పట్టి అమ్మితే ఈ రోజున సగం హైదరాబాదు కొనుక్కునే వాణ్ని, కొనదగ్గ హైదరాబాదు మిగిలి ఉంటే.

బడి పెట్టినాయన్ని అందరూ కరస్పాండెంటు గారు అనేవాళ్లు. గేటు మీద ఆయన వేయించిన బోర్డు గేటుకన్నా పెద్దది. ఇచ్చట ఒకటవ తరగతి నుండి ఆంగ్లము తప్ప మరేమియు వినిపించదు అని దాని మీద అచ్చ తెలుగులో రాసి ఉండేది. మా నాన్న గోదావరి వైపు నుంచి ఆఫీసు ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి, ఇంగ్లీషు రాకపోవడం వల్లనే తన పైనున్నవాళ్లంతా పైనున్నారని గట్టిగా నమ్మిన మనిషి. పొద్దున్నే ఇంగ్లీషు పేపరు పట్టుకుని అద్దం ముందు నిలబడి ఎంత బిగ్గరగా చదివేవాడంటే, మా వరండాలో గూడు కట్టిన పిచ్చుకలు నాకన్నా ముందే ఆ భాష నేర్చుకుని ఎక్కడో ఉద్యోగాల్లో చేరిపోయి ఉంటాయి. నన్ను చేర్పించే రోజున ఆయన ఫీజు గురించి అడగలేదు, పాఠాల గురించి అడగలేదు. అడిగింది ఒక్కటే.

"టీచరమ్మకి తెలుగు రాదు కదండీ?"

కరస్పాండెంటు గారు గుండెల మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఒక్క ముక్క రాదు సార్. వచ్చినా రానియ్యం."

మా నాన్న ఆ జవాబులోని రెండో సగం వినిపించుకోలేదు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ తల్లిదండ్రులంతా కలిసి కూడా వినిపించుకోలేదు. తెలుగు రాకపోవడాన్ని మించిన డిగ్రీ ఆ రోజుల్లో ఏ విశ్వవిద్యాలయమూ ఇచ్చేది కాదు.

ఆవిడ పేరు స్టెల్లా మిస్. లండన్ నుంచి ఓడెక్కి కాచిగూడ స్టేషన్లో దిగిందని మా తరగతి మొత్తం ఏకగ్రీవంగా తీర్మానించింది. చేనేత చీర కట్టేది, జడలో మల్లెలు పెట్టేది, దగ్గరికొస్తే కొబ్బరినూనె వాసన వేసేది. లండన్లో కూడా కొబ్బరినూనే రాసుకుంటారని మేం లోకంలో అందరికన్నా ముందు కనిపెట్టాం. మేం తెలుగులో ఏం మాట్లాడినా ఆవిడ ముఖం కడిగిన పలకలా ఉండేది. కూర్చోమంటే తాను కూర్చుని చూపించేది, నిలబడమంటే నిలబడి చూపించేది. మొదటి నెలంతా మాకు చదువు వచ్చిందో లేదో గానీ, ఆవిడకు మాత్రం పహిల్వానుకు చాలినంత కసరత్తు అయింది.

మెల్లగా మేం మునిగాం. రంగులు నేర్చుకున్నాం, వారాలు నేర్చుకున్నాం, బయటికి వెళ్లడానికి అనుమతి అడిగే పొడుగాటి వాక్యం నేర్చుకున్నాం. ఆ వాక్యం తడబడకుండా పూర్తిచేసేలోపు సగం మందికి బయటికి వెళ్లే అవసరం తీరిపోయేది. జంతువులు నేర్చుకున్నాం. మా గల్లీలో బర్రెలు అడ్డంగా పడుకుంటే సాక్షాత్తూ మున్సిపాలిటీ బండి కూడా అవి నెమరు వేసి లేచేదాకా నిలబడేది. అయినా మా పుస్తకంలో బర్రె లేదు. బల్లి లేదు, జెర్రి లేదు, పెంకుల మీద సభలు పెట్టే పిల్లి కూడా లేదు. సింహం ఉంది, జిరాఫీ ఉంది, అట్ట మీదినుంచి చివరి పేజీ దాకా మమ్మల్ని తరుముకొచ్చే జీబ్రా ఉంది.

ఇంగ్లీషులో పేరు లేనిదానికి మా తరగతిలో బతుకు లేదు. మధ్యాహ్నం డబ్బాలు విప్పితే ఆ కష్టం తెలిసేది. నా డబ్బాలో వినాయక చవితి మర్నాటి ఉండ్రాళ్లు. నా పక్కన కూర్చునే బాలమణి డబ్బాలో మక్క గారెలు, ఉడికిన గుడాలు, ఒక్కోసారి వేయించిన పల్లీలు. వీటికి ఇంగ్లీషులో ఏమంటారో ఎవరికీ తెలియదు కాబట్టి, దొంగ సొత్తు చేతులు మార్చినట్టు, కళ్లతో బేరమాడుకుని, చప్పుడు కాకుండా నమిలేవాళ్లం. గారె కరకరమంటే అది కూడా తెలుగేమోనని భయం.

బాలమణి మా బడి ఆయా మాసమ్మ కూతురు. మాసమ్మ మహబూబ్‌నగర్ నుంచి మట్టి పనికి వచ్చి, రాంనగర్ బస్తీలో గుడిసె వేసుకుని, మా బడిలో ఊడ్చే పనిలో కుదిరింది. ఇంగ్లీషు రానందున బడి వేళల్లో మాసమ్మ నోరు తెరవకూడదని కరస్పాండెంటు గారి ఆజ్ఞ. ఊళ్లో నలుగురి గొంతులు కలిపి ఒక్కతే మాట్లాడగల మనిషి, గంట కొట్టి, చీపురు ఊపి, చేతులు తిప్పి కాలం గడిపేది. గంట మాత్రం కసి కొద్దీ కొట్టేది. ఆ గంటకు కాచిగూడలో రైళ్లు బయల్దేరేవని నా అనుమానం. ఆమె పిల్ల బాలమణి మాత్రం మా అందరికన్నా వేగంగా ఇంగ్లీషు పట్టేసింది. పాలమూరు యాసలో మొదలుపెట్టి లండన్ యాసలో ముగించేది, మధ్యలో ఊపిరి కూడా తీసుకునేది కాదు.

ఇక స్టెల్లా మిస్ ముఖంలో ఒక్క లోపం ఉండేది. పెదవి ఎడమ మూల. ఆవిడకు తెలుగు రాదు గానీ, ఆ మూలకు వచ్చు. కరస్పాండెంటు గారి మీసం చెప్పుల దుకాణంలో పోయిన బ్రష్షేనని ఒకరోజు బాలమణి నాతో గుసగుసలాడింది. బోర్డు మీద రాస్తున్న మిస్ వెనక్కి తిరగలేదు. ఆ పెదవి మూల మాత్రం ఒక నువ్వుగింజంత కదిలింది. ఆ నువ్వుగింజ కోసం ఆ తర్వాత మా తరగతిలో ఎన్ని హాస్యాలు పుట్టాయో లెక్కలేదు. ఈ రోజు నేను నాలుగు నవ్వు మాటలు రాసి బతుకుతున్నానంటే ఆ పెదవి మూల దగ్గర నేర్చిన విద్యే.

ఒక ఆదివారం అమ్మతో నారాయణగూడ మార్కెట్టుకు వెళ్లాను. అమ్మ బెండకాయల తోకలు ఒక్కొక్కటే విరిచి, అమ్మేవాడి సహనం విరిగేదాకా ఎంచుతోంది. పక్క వరసలో ఆకుకూరల దగ్గర తెలిసిన జడ, తెలిసిన మల్లెలు.

"ఏందన్నా, గీ పుంటికూర కట్ట ఇంత సన్నగుంది? జర మంచిది ఇయ్యరాదు."

"సత్తెక్కా, పొద్దుగాలనే పరేషాన్ చేయకు. తీస్కపో, ఇంకో కట్ట ఊకనే ఏస్త."

లండన్ మునిగిపోయింది. కాచిగూడలో దిగిన ఓడ కూడా మునిగిపోయింది. సత్తెక్క ఇటు తిరిగి నన్ను చూసింది. చేతిలోని పుంటికూర కట్టను తిరిగి కుప్ప మీద పెట్టేసింది. వంగి, నా చెవి దగ్గరకొచ్చి, "బిడ్డా, బడిల చెప్పకు. నా నౌకరి పోతది" అంది. వేలు పెదవుల మీద పెట్టుకుంది. నేను తల ఊపాను. ఆ రోజు నుంచి నేను ఆ తరగతిలో చదువుకునే పిల్లవాణ్ని కాదు, కాపలావాణ్ని. ఆరేళ్ల మెడ మీద ఒక మనిషి నౌకరి ఎక్కి కూర్చుంది. స్టెల్లా మిస్‌కు నిజంగా తెలుగు రాదా అని మా నాన్న అన్నం దగ్గర అడిగినప్పుడల్లా, అడిగిన ప్రశ్న పూర్తి కాకముందే రాదని అరిచేవాణ్ని. నా గట్టితనం చూసి ఆయన పొంగిపోయేవాడు.

దసరా సెలవులకు ముందు తల్లిదండ్రులను పిలిచి తరగతి చూపించే రోజు వచ్చింది. ఆ రోజు వాన, హుస్సేన్‌సాగర్ లేచి మా గల్లీ చూడ్డానికి వచ్చినట్టు కురిసింది. కిటికీల దగ్గరా, వరండాలోనూ గొడుగుల కింద నాన్నలు, అమ్మలు. అందరికన్నా ముందు, పెళ్లికి కుట్టించిన కోటులో మా నాన్న. గుమ్మంలో కరస్పాండెంటు గారు. మూలన చీపురుతో మాసమ్మ. గోడకు నాలుగు బొమ్మల అట్ట. బయట వాతావరణం ఎలా ఉందని మిస్ ఇంగ్లీషులో అడిగింది. లేవాల్సిన వంతు బాలమణిది. వెళ్లి, ముల్లు తిప్పడానికి అట్ట అంచు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి విదిలించి వెనక్కి లాక్కుంది. ఆ విదిలింపుకు ముల్లు గిర్రున తిరిగింది. అట్ట వెనక చెమ్మగోడ మీది నుంచి తేలు ఒకటి కిందికి జారి పగుల్లోకి వెళ్లిపోయింది. దాని పొడుగు ఇప్పుడు నాకు మూరెడని గుర్తు. అబద్ధమే అయి ఉండాలి, తగ్గించి చెప్పడం నాకు చేతకాదు.

"తేలు కుట్టింది మిస్," అంది బాలమణి.

స్టెల్లా మిస్ కదల్లేదు. ముఖం కడిగిన పలక.

కరస్పాండెంటు గారు కిటికీల వైపు ఒక చిరునవ్వు, పిల్ల వైపు ఒక చిరునవ్వు పారేసి, ఇంగ్లీషులో చెప్పు బేబీ అన్నారు. బాలమణి వేలు పట్టుకుని వెతికింది. తనకొచ్చిన ఇంగ్లీషంతా తిరగేసి వెతికింది. మేమంతా ఆమెకు సాయంగా వెతికాం. వెనక బెంచీలోంచి ఒకడు సింహమని ఇంగ్లీషులో అందించాడు. ఇంకొకరు జిరాఫీ అన్నారు. ఆ తర్వాత తరగతంతా జీబ్రా, జీబ్రా అని ఒక్క గొంతుతో అరిచాం, ఎందుకంటే మాకు అన్నిటికన్నా బాగా వచ్చింది అదే. కిటికీ దగ్గర ఎవరో నాన్న, ఎంత చక్కగా పలుకుతున్నారో అని మురిసిపోయాడు. బాలమణి పెదవులు నీలంగా మారడం మొదలైంది. మూలన మాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమెకు మాట్లాడకూడదన్న ఆజ్ఞ అంత లోతుగా దిగింది.

నేను పెదవి ఎడమ మూల వైపు చూశాను. అది కదిలింది. నువ్వుగింజంత కాదు.

"ఏడ కుట్టిందే బిడ్డా? సూపెట్టు. మాసమ్మా, ఏం సూస్తున్నవ్, ఉరుకు, రిక్షా పిలువు."

అంటూనే కొంగు చింపి మణికట్టుకు కట్టి, పిల్లను భుజాన వేసుకుని, గొడుగులను చీల్చుకుంటూ వానలోకి పరిగెత్తింది. ఆవిడ వెనక మాసమ్మ, అన్నాళ్లుగా దాచుకున్న గొంతంతా ఒక్కసారే విప్పి ఏడుస్తూ. గల్లీలో బర్రెలు కూడా లేచి దారిచ్చాయి.

డాక్టరు సూది వేశాడు. పిల్ల బతికింది. సాయంత్రం మిస్ తడి చీరతో తిరిగొచ్చేసరికి తల్లిదండ్రులు ఒక్కరూ బడి వదిలి కదల్లేదు, మా తరగతి గదిలో మా చిన్న బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నారు. మేం కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్నాం. బాలమణికి ఎలా ఉందని మొదట అడిగింది మా నాన్నే. అందరూ హమ్మయ్య అన్నారు. చాలా మంచి పని చేశారండీ, కన్నతల్లయినా అలా పరిగెత్తదు అని నిజంగా కళ్లు తుడుచుకుని అన్నాడు మా నాన్న. ఆ తర్వాత కళ్లజోడు పెట్టుకున్నాడు.

"కానీ, ఇన్నాళ్లూ తెలుగొచ్చినావిడ దగ్గరా మావాడు చదివింది?"

గదిలో ఉన్న గొడుగులన్నీ ఆ మాటకు తలలూపాయి. మోసం అన్న మాట ఎవరో అన్నారు. ఆవిడ మాట్లాడింది ఏ జిల్లా తెలుగో కూడా ఎవరో పోల్చి చెప్పారు, అది ఇంకా ఘోరమైంది. కరస్పాండెంటు గారు, తననూ మోసం చేసిందన్నట్టు నుదురు కొట్టుకున్నారు. మిస్ గుమ్మానికి ఆనుకుని అంతా విన్నది. మొదటిసారి అందరికీ తెలిసేలా విన్నది.

"తెలుగు రాకుంటే పిల్ల సచ్చేది సార్," అంది.

"అది నిజమేనండి," అన్నాడు మా నాన్న. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. "కానీ..."

ఆ కానీ తర్వాత ఆయన ఇంకేమీ అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. ఒక నౌకరి పోవడానికి అంతకన్నా పెద్ద మాటలు అక్కర్లేదని నేను ఒకటో తరగతిలోనే నేర్చుకున్నాను. స్టెల్లా మిస్ చెప్పులు వేసుకుని, కిటికీలో నన్ను చూసి, అలవాటు కొద్దీ వేలు పెదవుల మీద పెట్టుకుంది. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. నేను కూడా అలవాటు కొద్దీ తల ఊపాను.

సెలవుల తర్వాత వచ్చిన కొత్త మిస్‌కు నిజంగానే తెలుగు రాదు. మా తల్లిదండ్రులు తలా ఒక ప్రశ్న వేసి, తిట్టి కూడా చూసి, ఖాయం చేసుకున్నారు. మంచి మనిషే, ఏ దూరదేశం నుంచి వచ్చిందో అడగడానికి మాకు ఇంగ్లీషు చాలలేదు. ముల్లు తిప్పమని ఆవిడ ఒక్కొక్కరినే లేపింది. ఒక్కొక్కరే లేచి చేతులు వెనక్కి కట్టుకున్నాం. ఎందుకో చెప్పడానికి మా దగ్గర జీబ్రా తప్ప మరో మాట లేదు. పిల్లలే తిప్పాలన్నది పద్ధతి కాబట్టి ఆవిడ తిప్పలేదు, మేం తిప్పలేదు. బాలమణి విదిలించినప్పుడు గిర్రున తిరిగిన ముల్లు ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది. మంచు బొమ్మ దగ్గర.

అలా ఆ ఏడాదంతా చిక్కడపల్లిలో మంచు కురిసింది. సంక్రాంతి గాలిపటాల మీద కురిసింది, శివరాత్రి తర్వాత కూడా కురిసింది. రోజూ పొద్దున వాతావరణం ఎలా ఉందని మిస్ అడగడం, మేం అట్ట వైపు చూసి మంచు కురుస్తోందని ఇంగ్లీషులో రాగం తీయడం. ఏప్రిల్‌లో రోడ్డు మీది తారు కరిగి చెప్పులు పీకేస్తున్న సాయంత్రం, వార్షికోత్సవం వేదిక మీద, చెమట కళ్లలోకి కారుతుండగా, మంచు కురుస్తోందని మేం ముక్తకంఠంతో ప్రకటించాం. మా నాన్న కోటు తడిసి ముద్దవుతుండగా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన జీవితంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

ఆ చప్పట్లు వినడానికి బాలమణి లేదు. కట్టుతో కొన్నాళ్లు వచ్చి, ఒక్క మాట ఏ భాషలోనూ మాట్లాడకుండా కూర్చుంది. తర్వాత మాసమ్మ లోయర్ ట్యాంక్‌బండ్ వైపు ఏదో కట్టడం పనికి కుదిరి పిల్లను తీసుకుపోయింది. మార్కెట్టులో పుంటికూర అన్నను సత్తెక్క గురించి అడిగాను. కొన్ని వారాలుగా రావడం లేదన్నాడు. ఆ తర్వాత ఎప్పుడడిగినా అదే అన్నాడు. కొన్నాళ్లకు ఆయన కూడా రావడం మానేశాడు.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, సీతాఫలం చెట్టు లేదు, షాబాదు బండలు ఏ పునాదుల కిందికి పోయాయో తెలియదు. అక్కడ లేచిన అపార్టుమెంటుకు నా అంచనా ప్రకారం మబ్బులు తగులుతాయి. బర్రెలు పోయాయి. మూరెడు తేళ్లు కూడా పోయాయి. కుట్టేవి మాత్రం పోలేదు, పేర్లు మార్చుకుని లిఫ్టులో పైకొస్తున్నాయి. ఇన్నేళ్లలో తెలిసినదాన్ని తెలియనట్టు ముఖం పెట్టడం ఈ ఊళ్లో అందరికీ ఎంత బాగా వచ్చేసిందంటే, దానికి ఇక బడి కూడా అక్కర్లేదు. అయినా పెడుతున్నారు.

ఆద్య జిగురు ఆరబెట్టుకుంటోంది. "అమ్మడూ, మీ ఫ్రెంచి మిస్‌కి తెలుగొచ్చా?" అని అడిగాను.

"రాదు," అంది.

నా ప్రశ్న పూర్తి కాకముందే అంది. అరిచినట్టు అంది. అని, తలుపు వైపు ఒకసారి చూసి, ముల్లు తిప్పుకోవడంలో పడింది. ఆ గట్టితనం నాకు తెలుసు. ఎవరో ఎక్కడో ఆ చెవి దగ్గరికి వంగి ఉంటారు. నేను ఇంకేమీ అడగదలుచుకోలేదు. కానీ నోరు ఊరుకోలేదు.

"సరే గానీ, ఫ్రెంచిలో తేలును ఏమంటారు?"

ఆ పిల్ల ముల్లు వదిలేసింది. తనకొచ్చిందంతా తిరగేసి వెతికింది.

"అది ఇంకా చెప్పలేదు తాతా," అంది. "జీబ్రా అయిపోయింది."